ఏడీఆరా, క్యూఓసీనా, ఐబిసా: ఆరుగురు సీనియర్ల మార్కులతో తేలుతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ అందుతుంది. పేమెంట్స్ ప్రొడక్ట్ మీద పనిచేసే ముప్ఫై మంది టీమ్ మీది. ఏ డిజైన్ ఎందుకు అలా చేశారో ఎక్కడా రాసి ఉండదు. మనిషి నోటీస్ పీరియడ్‌లో ఉండగా హడావిడిగా పెట్టే కేటీ (పని అప్పగింత) సెషన్లలో 'ఎలా' మాత్రమే చేతులు మారుతోంది, 'ఎందుకు' జారిపోతోంది. అందుకని డిజైన్ కారణాలు రాసిపెట్టే మూడు పద్ధతుల్లో, అంటే ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్: ఒక్కో నిర్ణయానికి ఒక కాగితం), క్యూఓసీ (క్వశ్చన్స్, ఆప్షన్స్, క్రైటీరియా: ప్రశ్న, మార్గాలు, వాటిని తూచే ప్రమాణాలు), ఐబిస్ (ఇష్యూ బేస్డ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్: ప్రశ్న, ప్రతిపాదనలు, వాదనలు చెట్టులా అల్లుకునేది)లలో, ఒకటి తీసుకుందామని ఆరుగురు సీనియర్ల చేత అయిదుకు మార్కులు వేయించారు. సగటు ఏడీఆర్‌కు 3.83, క్యూఓసీకి 3.67, ఐబిస్‌కు 3.5 వచ్చింది. ఏడీఆర్ గెలిచినట్టేనా, అసలు నిపుణుల అభిప్రాయం రుజువు కింద నిలబడుతుందా అని అడుగుతున్నారు. చివర్లో ఇంకో మాట కూడా ఉంది: ఆ ఆరుగురిలో ఇద్దరు మీ ఏడీఆర్ టెంప్లేట్ తయారుచేసినవాళ్లే.

మొదటిదానికి జవాబు: గెలవలేదు. సగటుల్ని విప్పి చూడండి. ఆరుగురి మార్కుల మొత్తాలు 23, 22, 21. ఒక్కరు ఏడీఆర్‌కు 4 బదులు 3 వేసి, ఇంకొక్కరు ఐబిస్‌కు ఒక మార్కు ఎక్కువ వేసి ఉంటే మూడూ 22 దగ్గర సమానమయ్యేవి. ఇద్దరి మనసు ఒక్కో మార్కు అటూ ఇటూ కదిలితే చెరిగిపోయే తేడా మీద టీమ్ అలవాటును మార్చకండి.

రెండోదానికి జవాబు: నిలబడుతుంది, కానీ అడిగే తీరు మారాలి. సాఫ్ట్‌వేర్ పద్ధతులను మదింపు చేసే దారులను బార్బరా కిచెన్‌హామ్ బృందం 1990లలో డెస్మెట్ పేరుతో తొమ్మిదిగా విడగొట్టింది. అందులో ఒకటి పూర్తిగా నిపుణుల అంచనా మీద నడిచేదే. ట్వెంటె విశ్వవిద్యాలయానికి చెందిన రోయెల్ వీరింగా 2014లో వచ్చిన తన డిజైన్ సైన్స్ గ్రంథంలో నిపుణుల అభిప్రాయాన్ని ఒక ధ్రువీకరణ మార్గంగానే లెక్కించాడు. అయితే ఆయన చెప్పే షరతు గమనించండి: ఈ వస్తువు నిజమైన పరిస్థితిలో పడితే ఏమవుతుందో నిపుణుడు ఊహించి చెప్పాలి. నచ్చిందా లేదా అన్నది అక్కడి ప్రశ్న కాదు. మెచ్చుకోలులో మొహమాటం కలిసి ఉండొచ్చు కాబట్టి, 'ఇది ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే' అని మొదలయ్యే మాటకు విలువ ఎక్కువ. మీరు అడిగింది మార్కులు. మీకు కావలసింది కారణాలు, జోస్యాలు. ఇక చెప్పేదంతా ఆ రెండూ రాబట్టడం గురించే.

ముందు ఒక చిక్కు విప్పాలి. మీ ఆరుగురూ ఒకే ఏడీఆర్‌కు మార్కులు వేశారా? మైకేల్ నైగార్డ్ 2011 నవంబరులో రాసిన అసలు రూపంలో ఉన్నవి శీర్షిక, సందర్భం, నిర్ణయం, స్టేటస్, పర్యవసానాలు, అంతే. పరిశీలించి వదిలేసిన మార్గాలకు అందులో ప్రత్యేకమైన గడి లేదు. ఆ గడి తర్వాతి టెంప్లేట్లలో, ఉదాహరణకు మాడర్‌లో, చేరింది. 2005లో టైరీ, అకర్మన్ ఇచ్చిన పట్టికలో ఏకంగా 14 గడులున్నాయి. కొన్ని టీమ్‌లు దాన్నీ ఏడీఆర్ అనే పిలుస్తాయి. ఒకరు ఒక పేజీ కాగితాన్ని, ఇంకొకరు 14 గడుల ఫారాన్ని తలలో పెట్టుకుని వేసిన మార్కుల్ని మీరు కూడారు. క్యూఓసీ, ఐబిస్‌ల సంగతి ఇంకా కష్టం. 1970లో కుంజ్, రిట్టెల్ ప్రతిపాదించిన ఐబిస్‌ను గానీ, 1991లో మెక్లీన్, యంగ్, బెలొట్టి, మోరన్ వివరించిన క్యూఓసీని గానీ ఒక్కసారైనా వాడినవాళ్లు ఆ ఆరుగురిలో ఎందరు? వాడనివాళ్లు వేసిన మార్కు పేరుకు వేసిన మార్కే. కాబట్టి నిపుణుల ముందు పద్ధతి పేరు పెట్టకండి, ఆ పద్ధతిలో రాసిన కాగితం పెట్టండి.

ఇక నిపుణుడంటే ఎవరు? పదిహేనేళ్ల అనుభవం ఉన్నంత మాత్రాన ఈ విషయంలో నిపుణుడు కాడు. డిజైన్ కారణాలు రాసుకోవడంలో మూడు వేర్వేరు పనులున్నాయి, మూడింటికీ వేర్వేరు మనుషులు కావాలి. రాసే కష్టం గురించి చెప్పగలిగేది కనీసం పది నిర్ణయాలైనా స్వయంగా రాసినవాళ్లు. చదివితే దక్కే లాభం గురించి చెప్పగలిగేది ఇతరుల కోడ్‌ను మోస్తున్నవాళ్లు: ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్నవాళ్లు, గత ఆరు నెలల్లో చేరినవాళ్లు. ఆ కాగితాలు రెండేళ్ల తర్వాత బతికున్నాయా లేదా అని చెప్పగలిగేది ఒక రిపాజిటరీని (కోడ్ దాచే చోటును) అంతకాలం చూసుకున్న లీడ్‌లు. ఒక్కో రకం నుంచి ఇద్దరు చొప్పున తీసుకుంటే మీకు ఆరుగురే అవుతారు, సంఖ్య పెంచక్కర్లేదు. మీరు ఎంచుకున్న ఆరుగురూ సీనియర్లే, అంటే ఎక్కువగా రాసేవైపు ఉన్నవాళ్లు. చదివేవైపు ఖాళీగా ఉంది. ఇది చిన్న లోపం కాదు. ఒకరు శ్రమపడితే ఇంకొకరికి లాభం దక్కే పనిముట్లు ఎందుకు మూలపడతాయో జొనాథన్ గ్రూడిన్ 1988లోనే రాశాడు. డిజైన్ కారణాల రికార్డు అచ్చంగా ఆ కోవలోదే. శ్రమపడేవాణ్నే అడిగితే శ్రమ తక్కువున్న పద్ధతి గెలుస్తుంది, లాభపడేవాణ్నే అడిగితే వివరం ఎక్కువున్నది గెలుస్తుంది. ఇద్దరి మార్కులూ కూడి సగటు తీస్తే ఎవరికీ చెందని సంఖ్య ఒకటి మిగులుతుంది.

కాగితాలు తయారుచేయడంలోనే పని సగం ఉంది. మీ ప్రొడక్ట్‌లో ఏడాదిన్నర, రెండేళ్ల కిందట తీసుకున్న మూడు నిర్ణయాలు ఎంచుకోండి. మూడింటికీ ఫలితం ఏమైందో ఇప్పటికి తెలిసి ఉండాలి, అప్పుడు కూర్చున్నవాళ్లలో ఒకరైనా ఇంకా టీమ్‌లో ఉండాలి. ఒక్కో నిర్ణయానికీ అప్పటి మెయిళ్లు, స్లాక్ చర్చ, జిరా వ్యాఖ్యలు ఒక ఫోల్డర్‌లో పడేయండి. ముగ్గురు రాతగాళ్లకు ఆ ఫోల్డర్లు ఇవ్వండి. ప్రతి రాతగాడూ మూడు కాగితాలు రాయాలి, ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో పద్ధతిలో, అందరికీ వేర్వేరు జతలు. మొదటివాడు నిర్ణయం 'అ' ఐబిస్‌లో, 'ఆ' క్యూఓసీలో, 'ఇ' ఏడీఆర్‌లో. రెండోవాడు 'అ' క్యూఓసీలో, 'ఆ' ఏడీఆర్‌లో, 'ఇ' ఐబిస్‌లో. మూడోవాడికి మిగిలినవి. మొత్తం తొమ్మిది కాగితాలొస్తాయి. ఇలా తిప్పకపోతే బాగా రాసేవాడి చేతిలో పడ్డ పద్ధతే బాగున్నట్టు కనిపిస్తుంది. మొదలుపెట్టే ముందు ముగ్గురికీ ఒక్కో పద్ధతి మీద అరగంట సాధన ఇవ్వండి, రాసేటప్పుడు గడియారం పెట్టి నిమిషాలు రాసుకోండి. రాత ఖర్చుకు అదే మీ అసలు లెక్క, దాన్ని అభిప్రాయంగా అడగాల్సిన పని లేదు.

అన్నీ ఒకే రూపంలో, ఒకే ఫాంట్‌లో ముద్రించి ఇవ్వండి. ఏడీఆర్ గిట్‌లో మార్క్‌డౌన్ ఫైల్‌గాను, ఐబిస్ ఒక కొత్త బొమ్మల టూల్‌లోను కనిపిస్తే నిపుణుడు మార్కు వేసేది టూల్‌కు. ఐబిస్‌కు టూల్ తప్పనిసరి కాదు. 1988లో కాంక్లిన్, బెగెమన్ జీఐబిస్ అనే బొమ్మల రూపం చేశారు గానీ, ఎడంవైపు జాగా వదులుతూ రాసే ఉత్త టెక్స్ట్ రూపంలో కూడా ఎన్‌సీఆర్ సంస్థలో ఒక ప్రాజెక్టు నడిపారు. మీకు ఆ టెక్స్ట్ రూపం చాలు.

ఒక నిర్ణయాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకింత పట్టింపో తెలుస్తుంది. మీ రంగంలోదే తీసుకుంటాను: ఒకే పేమెంట్ రిక్వెస్ట్ రెండోసారి వస్తే గుర్తుపట్టే కీని ఎక్కడ దాచాలి? రెడిస్‌లో (మెమరీలో నడిచే వేగమైన డేటా స్టోర్) 24 గంటల గడువుతోనా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే కీ రెండుసార్లు చేరనివ్వని నియమం) ఉన్న టేబుల్‌లోనా? నైగార్డ్ అసలు రూపంలో ఏడీఆర్ ఇలా వస్తుంది:

సందర్భం: భాగస్వామి బ్యాంకుల నుంచి ఒకే రిక్వెస్ట్ మళ్లీ మళ్లీ వస్తోంది. రెండుసార్లు డెబిట్ కాకూడదు.
నిర్ణయం: కీలను పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లో, యూనిక్ కన్‌స్ట్రెయింట్‌తో ఉంచుతాం.
స్టేటస్: ఆమోదించాం.
పర్యవసానాలు: ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక డేటాబేస్ రైట్ (రాత) పెరుగుతుంది. పాత వరసలు తుడిచే జాబ్ కావాలి.

అదే ఐబిస్‌లో:

ప్రశ్న: కీ ఎక్కడ ఉంచాలి?
ప్రతిపాదన 1: రెడిస్, 24 గంటల గడువు.
అనుకూలం: వేగం.
ప్రతికూలం: వరుస సెలవులు వస్తే బ్యాంకు మూడో రోజున కూడా మళ్లీ పంపుతుంది. అప్పటికి కీ ఉండదు.
ప్రతిపాదన 2 (ఎంచుకున్నది): పోస్ట్‌గ్రెస్ టేబుల్.
అనుకూలం: గడువు సమస్య లేదు.
ప్రతికూలం: రైట్ భారం.
కొత్త ప్రశ్న: రెడిస్ గడువునే ఏడు రోజులు చేస్తే? (తేలలేదు)

క్యూఓసీలో ఇదే ఒక బొమ్మ అవుతుంది. ఎడమ పక్క ప్రశ్న, మధ్యలో రెండు మార్గాలు, కుడి పక్క ప్రమాణాలు: ఆలస్యంగా వచ్చే రిక్వెస్ట్ దొరకాలి, వేగం తగ్గకూడదు, నిర్వహణ పని పెరగకూడదు. ఏ మార్గం ఏ ప్రమాణానికి అనుకూలమో నిండు గీత, ప్రతికూలమో తెగిన గీత. రెడిస్ నుంచి మొదటి ప్రమాణానికి తెగిన గీత ఉంటుంది. 'మూడో రోజు' అన్న మాట మాత్రం ఎవరైనా పక్కన విడిగా రాస్తేనే ఉంటుంది.

ఇప్పుడు చదివే నిపుణుణ్ని ఒక ప్రశ్న అడగండి: 'వేగం తగ్గిందని, ఆ కీలను రెడిస్‌కు మారుద్దామని కొత్త డెవలపర్ అంటున్నాడు. మీరేమంటారు?' ఏడీఆర్ మాత్రమే చదివిన సీనియర్ తడుముకోకుండా జవాబు చెప్తాడు: 'వద్దు, రెడిస్ రీస్టార్ట్ అయితే కీలు పోతాయి.' వినడానికి ఎంతో సబబుగా ఉంది, కానీ కాగితంలో ఆ మాట లేదు, అసలు కారణమూ అది కాదు. రేపు ఎవరో రెడిస్‌లో డిస్క్ మీదికి రాసే ఏర్పాటు చేసి 'ఇప్పుడు ఆ భయం లేదుగా' అంటారు. కీలు మారతాయి. మూడు రోజులు వరుస సెలవులొచ్చాక కస్టమర్ల ఖాతాల్లో రెండుసార్లు డెబిట్ పడుతుంది.

నిపుణులతో మదింపు చేయించడంలో అతి పెద్ద గొయ్యి ఇదే. అనుభవం ఉన్నవాడు కాగితంలోని ఖాళీలను తన తలలోంచి నింపుకుని, కాగితం బాగుందనుకుంటాడు. పలుచని కాగితానికి పెద్దవాళ్ల దగ్గర మంచి మార్కులొచ్చేది ఇందుకే. మందు కూడా సులువైనదే: ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యం కింద గీత గీయమనండి. గీత గీయడానికి వాక్యం దొరకకపోతే ఆ జవాబు సరైనదైనా 'ఊహ' అని రాసుకోండి. ఫలితాల పట్టికలో నాలుగు గడులు పెట్టండి: (1) కాగితంలో ఉంది, దొరికింది; (2) ఉంది, దొరకలేదు; (3) లేదు, లేదనే చెప్పాడు; (4) లేదు, ఊహించి చెప్పాడు. రెండో గడి నిండితే ఆ పద్ధతి అమరికలో లోపం. నాలుగో గడి నిండితే ఆ పద్ధతి అడగాల్సినది అడగడం లేదు. మామూలు మార్కుల ఫారంలో ఈ రెండు లోపాలూ ఒకే అంకెలో కలిసిపోతాయి.

ఒక్కో కాగితానికి అయిదు ప్రశ్నలు, పన్నెండు నిమిషాలు చాలు. ఏది ఎంచుకున్నారు? ఏది వదిలేశారు, ఎందుకు? ఏ పరిస్థితి మారితే ఈ నిర్ణయాన్ని మళ్లీ తెరవాలి? దీని వల్ల ఇంకే భాగాల మీద ప్రభావం పడింది? నిర్ణయమప్పుడు తేలకుండా మిగిలినది ఏమిటి? జవాబుల తాళం (సరైన జవాబుల జాబితా) అప్పట్లో కూర్చున్న మనిషి ముందే రాసి ఉంచాలి. చదివిన జవాబులు చూశాక రాస్తే తాళం కూడా వాటి వైపే వంగుతుంది. ఒక్కో నిపుణుడు మూడు కాగితాలే చదవాలి, మూడు నిర్ణయాలూ మూడు పద్ధతుల్లో వచ్చేలా. ఒకే నిర్ణయాన్ని రెండు రూపాల్లో చదివితే రెండోసారి జవాబు మొదటి కాగితం నుంచి వస్తుంది. ఇంకో జాగ్రత్త: తాను పాల్గొన్న నిర్ణయం తనకే చదవడానికి రాకూడదు. చదివే వరస కూడా మార్చండి. మొదట చదివిన కాగితం మీద మోజు, చివరిదాని మీద విసుగు ఎవరికైనా ఉంటాయి.

చదవడం అయ్యాక జోస్యాలు. 'ఈ పద్ధతి మంచిదేనా' అని అడగకండి. 'రాబోయే ఆరు నెలల్లో మన టీమ్ తీసుకునే ప్రతి ఇరవై పెద్ద నిర్ణయాల్లో ఈ రూపంలో రాసేవి ఎన్ని? తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని, మీ అంచనా ఎంత?' అని అడగండి. వెంటనే 'మిగతావి ఎందుకు రాయరు?' అనండి. ఆ రెండో ప్రశ్న దగ్గరే సరుకంతా ఉంటుంది. స్ప్రింట్ చివర్లో తీసుకున్న నిర్ణయాలు రాయరని ఒకరంటారు, వాదన ఓడిపోయినవాడి పేరు ఐబిస్ చెట్టులో కనిపిస్తుంది కాబట్టి జనం చర్చ బయట కానిచ్చేస్తారని ఇంకొకరంటారు. ఇలాంటివి ఏ అయిదు మార్కుల ఫారంలోకీ రావు.

అంచనాలు నమ్మదగినవా అని చూడటానికి, మీకు జవాబు తెలిసిన అయిదారు ప్రశ్నలు ముందు వేయండి. గత ఏడాది రిపాజిటరీలో చేరిన ఏడీఆర్‌లు ఎన్ని? వాటిలో స్టేటస్ ఒక్కసారైనా మార్చినవి ఎన్ని? రోజర్ కుక్ 1991లో వివరించిన పద్ధతికి మూలం ఇదే: జవాబు తెలిసిన ప్రశ్నలతో నిపుణుణ్ని తూచి, ఆ తూకాన్ని బట్టి మిగతా అంచనాలకు బరువు ఇస్తారు. ఆరుగురితో, అయిదు ప్రశ్నలతో బరువులు వేసేంత సరంజామా మీ దగ్గర ఉండదు, వేయకండి. తక్కువలో తక్కువకూ ఎక్కువలో ఎక్కువకూ మధ్య నిజం పడని వాళ్లెవరో తెలిస్తే చాలు; వాళ్ల జోస్యం పక్కన చిన్న గుర్తు పెట్టుకోవచ్చు.

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి అడగడం మాత్రం చేయకండి. మన టీమ్‌లలో పెద్ద ఆర్కిటెక్ట్ ముందు మాట్లాడితే తర్వాతివాళ్ల మాట 'సార్ చెప్పినట్టే' అని మొదలవుతుంది. ఈ ఒత్తిడి లేకుండా చేయడానికే ర్యాండ్ సంస్థలో డాల్కీ, హెల్మర్ డెల్ఫీ పద్ధతిని రూపొందించారు. వాళ్ల వ్యాసం 1963లో అచ్చయింది. మీకు కావలసినంత మేరకు దాని సారం ఇది: ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. వచ్చిన అంచనాలనూ కారణాలనూ పేర్లు తీసేసి అందరికీ పంపాలి. మూడు నాలుగు రోజులు ఆగి మళ్లీ అడగాలి. రెండో విడతలో ఎవరైనా అంచనా మార్చుకుంటే ఏ కారణం చూసి మార్చుకున్నారో ఒక వాక్యం రాయించండి. కారణం చెప్పకుండా మధ్యకు జరిగితే అది ఏకాభిప్రాయం కాదు, మొహమాటం. అలాంటివాళ్లకు మొదటి విడత అంచనానే ఉంచండి. రెండు విడతలు చాలు. మూడో విడతకు జనం విసిగి ఒప్పేసుకుంటారు.

పేర్లు తీసేయడమంటే పేరు కొట్టేయడం ఒక్కటే కాదు. ఆరుగురే ఉన్నచోట వాక్యం చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. కారణాల సారం మీరు తిరగరాసి పంపాలి, రాశాక సరిగ్గా రాశానా అని చెప్పినవాళ్లకు చూపించాలి.

కారణాలు అడిగేటప్పుడు ఫారం ఇవ్వకండి, ఇరవై నిమిషాలు కూర్చుని మాట్లాడించండి, వాళ్ల అనుమతితో రికార్డ్ చేయండి. తెలుగువాళ్లున్న టీమ్ అయితే తెలుగులోనే మాట్లాడించండి. చాలా టీమ్‌లలో డిజైన్ వాదన నడిచేది తెలుగులో, కాగితం రాసేది ఇంగ్లిష్‌లో. 'ఆ బ్యాంకువాళ్లు సోమవారం సెలవైతే మంగళవారం కుమ్మేస్తారు' అన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి 'నమ్మకం కోసం' అనే అర్థానికి కుంచించుకుపోతుంది. ఇంగ్లిష్ ఫారంలో మీ నిపుణులు కూడా అలాంటి చదును మాటలే ఇస్తారు. ఆ మాటకొస్తే ఇది మూడు పద్ధతులకూ పరీక్షే. మాట్లాడిన భాషలోనే కారణం రాయనిచ్చే రూపం ఏదో కూడా అడగండి.

వచ్చిన మాటల్ని ఒక పట్టికలోకి ఎక్కించండి. ఒక్కో వరసలో ఒకే వాదన, నిపుణుడి సొంత మాటల్లో. పక్కన నాలుగు వివరాలు: ఏ పద్ధతి గురించి; రాసే కష్టమా, చదివే లాభమా, బతికుండటమా; ఎంతమంది విడివిడిగా అన్నారు; ఆధారం ఏమిటి. ఆధారం మూడు రకాలు: ఇప్పుడు కాగితంలో చూశాడు, ఇదివరకు ఎక్కడో ఎదుర్కొన్నాడు, అనిపించింది. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు ఈ పట్టిక నింపి, తేడాలున్న చోట కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక్కరే నింపితే ఇష్టమైన పద్ధతి మీద ఫిర్యాదులు తెలియకుండానే మెత్తబడతాయి.

ఈ పట్టికలో తరచూ ఒక తగవు కనిపిస్తుంది, దాన్ని పైపైన సర్దేయకండి. కాగితం అంటే జరిగిన చర్చకు రికార్డా, తేలిన కారణానికి వివరణా? 1986లో పార్నస్, క్లెమెంట్స్ వాదించింది రెండోవైపు: డిజైన్ నిజంగా సక్రమమైన వరసలో జరగదు, అయినా సక్రమంగా జరిగినట్టే డాక్యుమెంట్ రాయాలి, వదిలేసిన మార్గాలూ అందులో ఉండాలి అని. ఐబిస్ మొదటివైపు నిలబడుతుంది; తప్పుదారి పట్టిన వాదన కూడా చెట్టులో కొమ్మగా ఉండిపోతుంది. కొత్తగా చేరినవాడికి ఆ కొమ్మలు చికాకు. ప్రొడక్షన్‌లో తప్పు వెతుకుతున్నవాడికి మాత్రం ఆ ఏడు రోజుల గడువు ప్రశ్న తేలకుండా మిగిలిందన్న సంగతి బంగారం. నిపుణుల మధ్య ఇక్కడ తేడా వస్తే మీ మదింపు విఫలమైనట్టు కాదు, వాళ్లు చదివే అవసరాలు వేరని తేలినట్టు.

అంకెల గురించి కొంచెం. సగటుల బదులు మధ్య విలువ, కనిష్ఠం, గరిష్ఠం ఇవ్వండి, ఆరుగురే కాబట్టి ఆరు అంకెలూ ఇచ్చేయడం ఇంకా మంచిది. మూడు పద్ధతులకూ ర్యాంకులు అడిగితే ఏకీభావం చూడటానికి కెండాల్ డబ్ల్యూ లెక్క వాడొచ్చు. 0 అంటే ఏకీభావం లేదు, 1 అంటే పూర్తి ఏకీభావం. ఉదాహరణకు ఆరుగురి ర్యాంకుల మొత్తాలు ఏడీఆర్‌కు 9, మిగతా రెండింటికి 12, 15 వచ్చాయనుకోండి (తక్కువ మొత్తం ఉన్నదే ముందు). సగటు 12. తేడాల వర్గాల మొత్తం 9, 0, 9 కలిపి 18. ఆరుగురు, మూడు పద్ధతులకు దాన్ని 72తో భాగించాలి: 0.25. చూడటానికి ఏడీఆర్ ముందున్నట్టుంది గానీ, అయిదు శాతం స్థాయిలో ఇది యాదృచ్ఛికం కాదనాలంటే ఈ పరిమాణంలో డబ్ల్యూ 0.58 దాకా రావాలి. వచ్చినా తొందరపడొద్దు. ఆరుగురూ ఒకే కంపెనీలో, ఒకే టెంప్లేట్‌తో పెరిగినవాళ్లయితే ఏకీభావం ఆ అలవాటును చూపిస్తుంది. ఏహెచ్‌పీ లాంటి జంట పోలికల పద్ధతి ఇక్కడ వద్దనే అంటాను. మూడే వస్తువులకు అది మూడు దశాంశాల బరువులు చేతికిస్తుంది, అంత ఖచ్చితత్వం లోపలికి వెళ్లిన ఆరు అభిప్రాయాల్లో లేదు.

ఇంత చేశాక మీరు ఏం చెప్పగలరు? ఒక పద్ధతిని పక్కన పెట్టగలరు, గెలిపించలేరు. 'క్యూఓసీ కాగితాల్లో వదిలేసిన మార్గం ఎందుకు వదిలేశారో నలుగురికి దొరకలేదు, ముగ్గురు విడివిడిగా అదే ఫిర్యాదు చేశారు' అంటే దాన్ని పక్కన పెట్టడానికి అది చాలు. మిగిలిన రెండింట్లో ఒకటి తేల్చాలంటే రెండు చిన్న టీమ్‌లలో ఆరేడు వారాలు నిజంగా వాడి చూడటమే దారి. ఆ ప్రయోగంలో ఏం కొలవాలో మీ కారణాల పట్టికే చెప్తుంది. ఇంకో మార్గమూ ఉంది, నా మొగ్గు దానివైపే: పద్ధతుల్ని పోటీకి పెట్టకుండా, ఊహల గడి ఎక్కడ నిండిందో చూసి దాన్ని పూడ్చండి. మీ ఏడీఆర్‌కు 'వదిలేసిన మార్గం, దాన్ని వదిలేయడానికి ఒక నిర్దిష్టమైన సంఘటన లేదా సంఖ్య', 'ఏది మారితే మళ్లీ తెరవాలి' అని రెండే గడులు చేర్చి, అవే తొమ్మిది కాగితాల్లోని ఏడీఆర్‌లను తిరగరాయించండి. తర్వాత ఇంతకుముందు చదవని ఇద్దరి చేత పరీక్ష చేయించండి. పై ఉదాహరణలో 'మూడో రోజు' అన్న రెండు మాటలే మొత్తం తేడా.

ఖర్చు: తొమ్మిది కాగితాలకు ఒక్కోటి నలభై నిమిషాలనుకుంటే రాతగాళ్లకు మొత్తం ఆరు గంటలు, సాధనకు ఇంకో నాలుగున్నర. ఒక్కో నిపుణుడికి చదవడం, మాట్లాడటం, రెండో విడత కలిపి గంటన్నర, ఆరుగురికి తొమ్మిది గంటలు. నడిపించేవాళ్లకు కాగితాల సేకరణ, పట్టిక కలిపి మూడు నాలుగు రోజులు. మొత్తం రెండు వారాల్లో పూర్తవుతుంది. సమయం అంత లేకపోతే జోస్యాల భాగం తగ్గించండి గానీ, వాక్యం కింద గీత గీయించడం మాత్రం మానొద్దు.

ఇక ఆ టెంప్లేట్ తయారుచేసిన ఇద్దరు. వాళ్లను మదింపు చేసేవాళ్లలోంచి తీసేయండి, పనిలోంచి కాదు. వాళ్ల మార్కు వాళ్ల బిడ్డకు వాళ్లే వేసుకున్నట్టుంటుంది. అయితే పాత నిర్ణయాలప్పుడు గదిలో ఉన్నది బహుశా వాళ్లే, జవాబుల తాళం రాయించండి. మిగిలిన నలుగురిలో రాసేవైపు ఇద్దరిని, రిపాజిటరీ చూసుకున్న లీడ్‌లు ఇద్దరిని గుర్తించండి. ఖాళీ అయిన రెండు స్థానాల్లో ఈ ఏడాదే చేరిన ఒకరిని, రాత్రి అలర్ట్ వస్తే లేచే సపోర్ట్ మనిషి ఒకరిని కూర్చోబెట్టండి. ఆ ఇద్దరి కాగితాల్లో గీతలు ఎక్కడ పడ్డాయో ముందు చూడండి.